కేజీలు తగ్గాయి సరే, తగ్గినదేమిటి?

అమెరికాలో బరువు తగ్గే పోటీగా నడిచిన 'ది బిగ్గెస్ట్ లూజర్' టీవీ షో మీద 2025 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌లో మూడు భాగాల డాక్యుమెంటరీ వచ్చాక, ఎప్పటి నుంచో నలుగుతున్న ప్రశ్నలు మళ్లీ పైకొచ్చాయి. కడుపు మాడ్చుకుని బరువు తగ్గితే మెటబాలిజం, అంటే ఒళ్లు కేలరీలు ఖర్చు చేసే తీరు, శాశ్వతంగా పాడవుతుందా? జిమ్‌లో బరువులెత్తితే అది మళ్లీ దారికొస్తుందా? ఫోన్ తెరిస్తే కనిపించే ట్రైనర్ చెప్పినట్టల్లా చేస్తే ఆయన ఒళ్లు మనకూ వస్తుందా? ఒకరు వాకింగ్ చాలంటారు, ఇంకొకరు వాకింగ్ దండగ, వెయిట్స్ ఒక్కటే దారి అంటారు, మరో ఆయన అన్నం మానేయమంటాడు, ఈ మధ్య వారానికో ఇంజెక్షన్ వేసుకుంటే చాలనే మాట కూడా గట్టిగా వినిపిస్తోంది. ఈ మాటలన్నిట్లోనూ ఎంతో కొంత నిజం ఉంది, జనం అయోమయంలో పడేదీ అందుకే. వీళ్లలో ఎక్కువ మంది చూపించే కొలత మాత్రం ఒక్కటే, తూకం మిషన్ మీద అంకె. ఆ అంకెలో ఏమేమి కలిసి ఉంటాయో విడమర్చి చెప్పేవాళ్లు తక్కువ.

క్లుప్తంగా

తూకంలో తగ్గే ప్రతి కేజీలో నీరు, కండ, కొవ్వు మూడూ ఉంటాయి, ఎంత వేగంగా ఎలా తగ్గామన్నదాన్ని బట్టి వాటి పాళ్లు మారతాయి. స్ట్రెంత్ ట్రైనింగ్ (బరువులెత్తే వ్యాయామం) వల్ల తూకం పెద్దగా తగ్గదు గానీ, తగ్గే బరువులో కండ వాటా తగ్గుతుంది. పోయిన బరువు తిరిగి రావడానికి మెటబాలిజం మందగించడం కన్నా ఆకలి పెరగడం పెద్ద కారణం. కండ తక్కువగా, పొట్ట కొవ్వు ఎక్కువగా ఉండే మనవాళ్ల ఒళ్లకు ఈ లెక్క మరీ ముఖ్యం.

ఆరేళ్ల తర్వాత మళ్లీ తూకం వేస్తే

2004లో ఎన్‌బీసీ చానల్లో మొదలైన ఈ షోలో పద్ధతి చాలా సాదా. వారం వారం తూకం వేస్తారు, తక్కువ శాతం తగ్గినవాళ్లు ఇంటిదారి పడతారు, చివరికి అందరికన్నా ఎక్కువ శాతం తగ్గినవాళ్లకు రెండున్నర లక్షల డాలర్లు. బాబ్ హార్పర్, జిలియన్ మైకేల్స్ అనే ఇద్దరు ట్రైనర్లు ఈ షోతోనే అమెరికాలో ఇంటింటికీ తెలిసినవాళ్లయ్యారు. పోటీదారులు ఇల్లూ ఉద్యోగం వదిలేసి వచ్చి ఒకేచోట ఉండేవారు, రోజూ గంటల తరబడి వ్యాయామం, చాలా తక్కువ తిండి, పక్కనే నిలబడి అరిచే ట్రైనర్. బహుమతిని శాతానికి ముడిపెడితే మనిషి ఎంతదాకా వెళ్తాడో 2014లో తెలిసింది. ఆ ఏడు గెలిచిన రేచల్ ఫ్రెడరిక్సన్ 118 కేజీల నుంచి 48 కేజీల లోపుకు దిగి వేదిక మీదికి వచ్చినప్పుడు, ట్రైనర్ల ముఖాల్లోనే కంగారు కనిపించింది.

ఎక్కువగా చర్చకు వచ్చిందేమో 2009లో ప్రసారమైన ఎనిమిదో సీజన్. అప్పట్లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో శాస్త్రవేత్తగా ఉన్న కెవిన్ హాల్, ఆయన బృందం కలిసి ఆ సీజన్‌లోని 16 మందిలో 14 మందిని ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించారు, ఫలితాలు 2016లో 'ఒబేసిటీ' అనే వైద్య పత్రికలో వచ్చాయి. పోటీకి ముందు వాళ్ల సగటు బరువు 149 కేజీలు. 30 వారాల తర్వాత 91. ఆరేళ్లు గడిచాక 132. అంటే తగ్గిన 58 కేజీల్లో 41 తిరిగొచ్చేశాయి. 14 మందిలో 13 మందికి ఎంతో కొంత బరువు మళ్లీ పెరిగింది, ఐదుగురు దాదాపు మొదలైన చోటికో, అంతకన్నా పైకో చేరారు. ఆ సీజన్ విజేత డానీ కేహిల్ 195 కేజీల నుంచి 87 కేజీలకు దిగిన మనిషి, ఆయన కూడా మళ్లీ 45 కేజీలకు పైగా పెరిగాడు.

బరువు తిరిగి రావడం కొత్త సంగతేమీ కాదు, డైటింగ్ చేసిన ప్రతి ఇంటికీ తెలిసిందే. పరిశోధకులను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నా ఒళ్లు రోజుకు ఖర్చు చేసే కేలరీలు పోటీకి ముందు సగటున 2600 ఉంటే, పోటీ ముగిసేసరికి 2000కు పడ్డాయి. బరువు పెరిగినప్పుడు ఆ ఖర్చూ పెరగాలి. ఆరేళ్ల తర్వాత 41 కేజీలు పెరిగి కూడా వాళ్ల ఒళ్లు 1900 దగ్గరే ఆగిపోయింది. అదే బరువు, అదే వయసు ఉన్న మనిషికి ఉండాల్సినదాని కన్నా ఇది రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ.

మెటబాలిజం పాడైందన్న మాట ఎంతవరకు నిజం

ఈ ఫలితాలు బయటికి రాగానే డైటింగ్ చేస్తే మెటబాలిజం చచ్చిపోతుందన్న మాట ప్రపంచమంతా పాకింది, ఇవాళ్టికీ మన జిమ్‌లలో, రీల్స్‌లో ఆ మాటే తిరుగుతోంది, దాని మీదే మెటబాలిజం రిపేర్ కోర్సులు కూడా అమ్ముతున్నారు. అదే అధ్యయనంలో ఉన్న ఇంకో సంగతి మాత్రం అంత దూరం పాకలేదు. ఎవరి మెటబాలిజం ఎక్కువ మందగించిందో వాళ్లకే బరువు ఎక్కువ తిరిగి రావాలి కదా, అలా జరగలేదు. ఆరేళ్ల తర్వాత కూడా బరువును బాగా అదుపులో ఉంచుకున్నవాళ్లలోనే మందగింపు ఎక్కువగా కనిపించింది. కాబట్టి మందగించడం వల్లే బరువు వచ్చిందని ఈ లెక్కలు చూపించి చెప్పడం కుదరదు.

మరి దేనివల్ల వచ్చింది? ఆకలి వల్ల అనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ను వదులుతాయి, ఒంట్లో నిల్వలు సరిపడా ఉన్నాయని మెదడుకు చెప్పే కబురు అది. పోటీ ముగిసేనాటికి వీళ్ల లెప్టిన్ దాదాపు అడుగంటింది, ఆరేళ్ల తర్వాత కూడా మొదటి స్థాయికి రాలేదు. లెప్టిన్ తగ్గిందంటే మెదడు దాన్ని కరువు అనుకుంటుంది, ఆకలి పెంచుతుంది, తిన్నా తృప్తి ఉండదు. హాల్ బృందమే ఇంకో పరిశోధనలో దీనికి అంకెలు కట్టింది. తగ్గే ప్రతి కేజీకి ఒంటి ఖర్చు రోజుకు 20 నుంచి 30 కేలరీలు తగ్గుతుంది, ఆకలి మాత్రం రోజుకు 100 కేలరీల దాకా పెరుగుతుంది. పది కేజీలు తగ్గిన మనిషి మెటబాలిజం వైపు నుంచి 200, 300 కేలరీలు నష్టపోతే, ఆకలి వైపు నుంచి వెయ్యి కేలరీల ఒత్తిడి ఎదుర్కొంటాడు. మూడో నెలలో డైట్ వదిలేసినవాళ్లను మనసు గట్టిది కాదని తిట్టే ట్రైనర్లకు ఈ లెక్క తెలిసి ఉంటే బాగుండేది.

వ్యాయామం సంగతీ ఇక్కడే చూడాలి. ఆ 14 మందినే తీసుకుని 2017లో ఇంకో వ్యాసం వచ్చింది. పోటీ నాటి తగ్గుదలను ఆరేళ్ల తర్వాత కూడా బాగా నిలుపుకున్నవాళ్లు పోటీకి ముందుకన్నా తమ శారీరక శ్రమను 160 శాతం పెంచుకుని ఉన్నారు, బరువు తిరిగొచ్చినవాళ్లలో ఆ పెంపు 34 శాతమే. తిండి విషయంలో రెండు వర్గాల మధ్య అంత తేడా కనిపించలేదు. బరువు తగ్గించడంలో తిండిది పెద్ద పాత్ర అనీ, తగ్గిన బరువును నిలపడంలో శ్రమది పెద్ద పాత్ర అనీ చాలాకాలంగా అంటున్న మాటకు ఇది బలమిచ్చింది.

ఒక ముఖ్యమైన పోలిక కూడా ఉంది. ఈ పోటీదారులను, దాదాపు అంతే బరువు తగ్గిన గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే) ఆపరేషన్ రోగులను పక్కపక్కన పెట్టి చూశారు. విపరీతంగా వ్యాయామం చేసిన పోటీదారులు కండను బాగా కాపాడుకున్నారు, వాళ్లు తగ్గిన 58 కేజీల్లో దాదాపు 47 కేజీలు కొవ్వే. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కండ ఎక్కువ పోగొట్టుకున్నారు. అయినా ఏడాది తిరిగేసరికి ఆపరేషన్ వాళ్ల మెటబాలిజం ఉండాల్సిన స్థాయికి వచ్చింది, పోటీదారులది పడిపోయింది. కండ కాపాడుకుంటే మెటబాలిజం పడిపోదు అన్న హామీ కూడా పూర్తిగా నిజం కాదన్నమాట. తినే దానికీ ఖర్చయ్యే దానికీ మధ్య ఎంత పెద్ద తేడా పెట్టారు, ఎంతకాలం పెట్టారు అన్నది అక్కడ పనిచేసింది.

మొదటి వారం మహత్యం

ఏ డైట్ అయినా మొదటి వారంలో రెండు మూడు కేజీలు తగ్గించి చూపిస్తుంది, అభిమానులు ఏర్పడేది కూడా ఆ వారంలోనే. ఇందులో రహస్యమేమీ లేదు. కాలేయంలో, కండరాల్లో కలిపి ఒంట్లో దాదాపు అరకేజీ గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే చక్కెర) నిల్వ ఉంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం, రొట్టె ఒక్కసారిగా మానేస్తే ఆ నిల్వ ఖర్చయిపోతుంది, నీరు మూత్రంలో వెళ్లిపోతుంది. తూకంలో రెండు కేజీలు మాయం, అందులో కొవ్వు కొంచెమే. పెళ్లి భోజనం ఒకటి తిని రెండో రోజు తూకం చూసుకుంటే రెండు కేజీలు పెరిగి గుండె జారిపోయేదీ ఇదే కారణంతో, అది కూడా ఎక్కువగా నీరే.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి దగ్గరి ఉదాహరణ 2017, 2018ల్లో ఊరూరా సభలతో ఊపేసిన వీరమాచనేని రామకృష్ణ ఆహార విధానం. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, అదీ ఎక్కువగా కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు, ఈ నాలుగే దానికి స్తంభాలు. కార్బోహైడ్రేట్లు దాదాపు ఉండవు. అప్పట్లో డాక్టర్లు టీవీ చర్చల్లో గట్టి అభ్యంతరాలే చెప్పారు, అదే సమయంలో బరువు తగ్గామని చెప్పినవాళ్లు వేలల్లో ఉన్నారు. అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే మంతెన సత్యనారాయణ రాజు ఉప్పు, నూనె లేని వంటలు చెబుతూ వస్తున్నారు, ఆ పద్ధతిలోనూ తగ్గినవాళ్లు ఎంతోమంది. నూనె చుక్క వద్దన్నదీ, నూనె తాగమన్నదీ ఒకే ఊళ్లో ఒకే వీధిలో పనిచేశాయంటే రెండిట్లోనూ ఉమ్మడిగా ఉన్నదాన్ని వెతకాలి, ఆ ఉమ్మడి సంగతి మొత్తం తిండి తగ్గిపోవడం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందితో ఏడాది పాటు చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో తక్కువ కొవ్వు డైట్ వాళ్లు సగటున 5.3 కేజీలు, తక్కువ కార్బ్ డైట్ వాళ్లు 6 కేజీలు తగ్గారు, ఆ తేడా లెక్కలోకి తీసుకునేంతది కాదు.

ఈ డైట్లు దేనిలోనూ కండ గురించి ఆలోచన పెద్దగా లేకపోవడం అసలు లోటు. 90 రోజుల్లో 15 కేజీలు అని చెప్పుకునే ట్రాన్స్‌ఫర్మేషన్ కథల్లో ఆ 15లో కండ ఎంత పోయిందో ఎవరూ అడగరు. కండ పోయి సన్నబడిన మనిషి మళ్లీ లావెక్కినప్పుడు తిరిగొచ్చేది ఎక్కువగా కొవ్వే. రెండు మూడు సార్లు ఇలా తగ్గి పెరిగితే, వయసు మీద పడేకొద్దీ, పాత బరువే ఉన్నా ఒళ్లు మాత్రం పాతది కాదు, పొట్ట పెరిగి తొడలు సన్నబడతాయి.

బరువులెత్తితే బరువు తగ్గుతుందా

ట్రైనర్లు తరచూ చెప్పే మాట ఒకటుంది, కండ పెరిగితే నిద్రలో కూడా కొవ్వు కరుగుతుందని. నిజమే కానీ అంకె చాలా చిన్నది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక కేజీ కండ రోజుకు దాదాపు 13 కేలరీలు, ఒక కేజీ కొవ్వు 4 నుంచి 5 కేలరీలు ఖర్చు చేస్తాయి. మూడు కేజీల కండ పెంచడానికి మామూలు మనిషికి నెలల తరబడి కష్టం కావాలి, దానివల్ల రోజుకు అదనంగా కరిగేది 40 కేలరీలు, అంటే ఒక బిస్కెట్. గంటసేపు వెయిట్స్ చేస్తే అయ్యే ఖర్చు కూడా గంటసేపు పరుగెత్తితే అయ్యేదానికన్నా తక్కువే. బరువు తగ్గాలని మాత్రమే జిమ్‌లో చేరి, నెల తర్వాత తూకం చూసుకుని నిరాశపడి మానేసేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంటే చాలామంది మానేవాళ్లు కాదు.

మరి ఎందుకు ఎత్తాలి? దీనికి ఇంతవరకు వచ్చిన జవాబుల్లో బాగా తేటగా ఉన్నది 2017లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చింది. 65 ఏళ్లు దాటిన 160 మంది ఊబకాయులను తీసుకుని, కొందరికి తిండి తగ్గించి నడక లాంటి ఏరోబిక్ వ్యాయామం, కొందరికి తిండి తగ్గించి బరువులు, కొందరికి తిండి తగ్గించి రెండూ ఇచ్చారు. ఆరు నెలల తర్వాత మూడు వర్గాలూ సమానంగా 9 శాతం బరువు తగ్గాయి. తూకం మిషన్‌కు వీళ్ల మధ్య తేడా తెలియదు. లోపల చూస్తే ఏరోబిక్ మాత్రమే చేసినవాళ్లు కొవ్వు కాని ఒంటి బరువులో 5 శాతం పోగొట్టుకున్నారు, బరువులెత్తినవాళ్లు 2 శాతం, రెండూ చేసినవాళ్లు 3 శాతం. తుంటి ఎముక సాంద్రత ఏరోబిక్ వర్గంలో 3 శాతం పడిపోతే, రెండూ చేసిన వర్గంలో 1 శాతం, బరువుల వర్గంలో అర శాతం. కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం, నడవడం లాంటి పనుల పరీక్షలో ఒక్కో వ్యాయామమే చేసినవాళ్లు 14 శాతం మెరుగైతే రెండూ చేసినవాళ్లు 21 శాతం మెరుగయ్యారు.

వాకింగా, వెయిట్సా అనే గొడవకు ఇంతకన్నా మంచి తీర్పు దొరకడం కష్టం. నడక గుండెకూ ఊపిరికీ మంచిది, బరువులు కండకూ ఎముకకూ మంచివి, ఒకదాని పని ఇంకొకటి చేయదు. భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటాను లాగేసుకునేది కండరాలే కాబట్టి, షుగర్ ఉన్న ఇంట్లో ఈ విషయం మరీ పట్టించుకోవాలి.

ఫొటోలో ఒళ్లు, ఫొటో వెనక ఒళ్లు

ఫిట్‌నెస్ మనుషుల మాటకు బలం వాళ్ల ఒళ్లే. చొక్కా విప్పి నిలబడితే ఇంక వాదన అక్కర్లేదు. మన దగ్గర 2007 సంక్రాంతి సినిమాలో అల్లు అర్జున్ సిక్స్‌ప్యాక్ చూపించాక తెలుగు హీరోలందరికీ అదొక పరీక్షలా మారింది, ఊళ్లలో జిమ్‌లకు వచ్చే కుర్రాళ్లు కూడా ఆ కడుపునే కొలతగా పెట్టుకున్నారు. షూటింగ్‌కు ముందు ఉప్పు, నీళ్లు, పిండిపదార్థాలు అటూ ఇటూ మార్చి చర్మం కింద నీరు తగ్గించుకోవడం, కెమెరాకు ముందు కండరాలు ఉబ్బేలా పుషప్స్ తీయడం, పై నుంచి పడే లైటు, ఇవన్నీ కలిస్తే ఆ ఫొటో. ఆ ఒళ్లు ఏడాదిలో కొద్ది రోజులే ఉంటుంది.

మందుల సంగతి దానికన్నా పెద్దది. 'లివర్ కింగ్' పేరుతో పచ్చి కాలేయం తింటూ, ఆదిమానవుల్లా బతకమని చెబుతూ లక్షల మంది ఫాలోవర్లను సంపాదించుకున్న అమెరికన్ బ్రయాన్ జాన్సన్ తన కండలన్నీ తిండితో, కష్టంతో వచ్చినవేనని చెప్పుకున్నాడు. 2022 చివర్లో ఆయన ఈమెయిళ్లు బయటపడ్డాయి, నెలకు 11 వేల డాలర్లకు పైగా హార్మోన్ మందులకే పెడుతున్నట్టు వాటిలో ఉంది, ఆ డిసెంబరులో ఆయనే వీడియోలో స్టెరాయిడ్లు వాడుతున్నానని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. అప్పటికి జంతువుల అవయవాలతో చేసిన సప్లిమెంట్ల వ్యాపారం జోరుగా సాగింది.

స్టెరాయిడ్లు ఎంత తేడా తెస్తాయో 1996లోనే కొలిచారు. 43 మంది మగవాళ్లను నాలుగు వర్గాలు చేసి పది వారాలు చూస్తే, వ్యాయామం చేసి మందు తీసుకోనివాళ్లకు కొవ్వు కాని బరువు 1.9 కేజీలు పెరిగింది, వ్యాయామం అస్సలు చేయకుండా టెస్టోస్టెరాన్ (స్టెరాయిడ్ జాతి మగ హార్మోన్) ఇంజెక్షన్లు మాత్రమే తీసుకున్నవాళ్లకు 3.2 కేజీలు పెరిగింది, రెండూ ఉన్నవాళ్లకు 6.1 కేజీలు. ఖాళీగా కూర్చున్నవాడు కష్టపడినవాడి కన్నా ఎక్కువ కండ పెంచాడు. మందు మీద ఉన్న మనిషి రాసిచ్చిన షెడ్యూల్‌ను మందు లేని కుర్రాడు అనుసరిస్తే ఆ ఫలితం రాదు, రాకపోయేసరికి తనదే లోపమనుకుంటాడు, చివరికి అదే మందు వైపు చూస్తాడు. గుండె కండరం మందం కావడం, కొలెస్ట్రాల్ చెడిపోవడం, సంతానలేమి దాని వెనకే వస్తాయి.

చూడ్డానికి దృఢంగా ఉన్న ఒళ్లు ఆరోగ్యానికి హామీ కూడా కాదు. అప్పటికి పదిహేడు సీజన్లు నడిచిన షోకు ముఖంగా ఉన్న బాబ్ హార్పర్‌కే 2017 ఫిబ్రవరిలో, 51 ఏళ్ల వయసులో, న్యూయార్క్‌లోని ఒక జిమ్‌లో గుండెపోటు వచ్చి కుప్పకూలాడు. లైపోప్రొటీన్ ఎ అనే వంశపారంపర్య కొవ్వు పదార్థం ఆయనలో ఎక్కువగా ఉన్నట్టు తర్వాత చెప్పాడు. దక్షిణాసియా వాళ్లలో ఇది ఎక్కువగానే కనిపిస్తుంది, మామూలు కొలెస్ట్రాల్ పరీక్షలో బయటపడదు, జీవితంలో ఒకసారి విడిగా చేయించుకుంటే సరిపోతుంది.

నియమాలు లేకపోలేదు. ఆరోగ్య సలహాలిచ్చే సెలబ్రిటీలు, ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ అర్హత ఏమిటో చెప్పాలని, తాము చెప్పేది డాక్టర్ సలహాకు బదులు కాదని స్పష్టం చేయాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 ఆగస్టులో మార్గదర్శకాలిచ్చింది. రీల్స్‌లో అది కనబడేది చాలా తక్కువ. వాళ్ల లింకుల్లో అమ్ముడుపోయే ప్రొటీన్ పౌడర్ల తీరు కూడా చూడాలి. మన దేశంలో దొరికే 36 సప్లిమెంట్లను పరీక్షించి 2024లో ప్రచురించిన ఫలితాల్లో సుమారు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్ లెక్కకు, లోపల ఉన్నదానికి పొంతన లేదు.

మన ఒంటి లెక్క వేరు

అమెరికా అధ్యయనాలను మన దగ్గరికి తెచ్చుకునేటప్పుడు ఒక తేడా మరిచిపోకూడదు. అదే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూసే లెక్క) ఉన్న యూరప్ మనిషితో పోలిస్తే భారతీయుడి ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్ దీన్ని చాలా ఏళ్లుగా వివరిస్తున్నారు, సన్నగా కనిపించే పిల్లల్లో కూడా పుట్టినప్పటి నుంచే ఈ తీరు ఉంటుందని ఆయన పరిశోధన. అందుకే అధిక బరువుకు ప్రపంచ హద్దు బీఎంఐ 25 అయితే మనకు 23గా పెట్టారు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడమంటారు. బీఎంఐ మామూలుగానే ఉండి, చేతులు కాళ్లు సన్నగా, పొట్ట మాత్రం ముందుకు ఉన్న మధ్యవయసు మనిషి ప్రతి ఆఫీసులోనూ కనిపిస్తాడు. ఆయనకు కావల్సింది ఇంకో ఐదు కేజీలు తగ్గడం అని ఏ డైట్ చెప్పినా అది సగం సలహా, ఆయనకు కండ కావాలి.

కండకు ప్రొటీన్ కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు కేజీ బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చెబుతోంది, 60 కేజీల మనిషికి 50 గ్రాములు. మామూలు తెలుగింటి కంచం తీసుకుంటే, పొద్దున మూడు ఇడ్లీలు చట్నీతో ఆరేడు గ్రాములు, మధ్యాహ్నం అన్నం, కప్పు పప్పు, కూర, పెరుగు కలిపి 20 గ్రాములు. బరువు తగ్గాలనుకోగానే ఎక్కువ మంది చేసే మొదటి పని రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు, కాస్త బెండకాయ వేపుడు, అందులో వచ్చేది ఏడెనిమిది గ్రాములు. రోజంతా కలిపినా 35 దాటదు. తిండి తగ్గించి బరువులు కూడా ఎత్తేవాళ్లకు కేజీకి 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా ఉంటే కండ నిలుస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి, అంటే అదే మనిషికి 72 పైన. రెండు గుడ్లు 12 గ్రాములు, వంద గ్రాముల వండిన చికెన్ 25 గ్రాములు, 50 గ్రాముల మీల్‌మేకర్ 25 గ్రాములు, గుప్పెడు వేరుశనగలు ఏడెనిమిది గ్రాములు, వీటితో ఈ లోటు తీరిపోతుంది, డబ్బా కొనాల్సిన అవసరం చాలామందికి రాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడక్కుండా ప్రొటీన్ పెంచకూడదు.

బరువులెత్తితే ఆడవాళ్లు మగరాయుళ్లలా అవుతారన్న భయం మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఆడవాళ్లలో టెస్టోస్టెరాన్ మగవాళ్లలో ఉండేదానిలో పదో వంతు కూడా ఉండదు, వారానికి రెండు మూడు రోజులు ఎత్తితే అలాంటి కండలు రావు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కేజీల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఇంత చరిత్ర ఉన్న చోట మెనోపాజ్ దాటిన అమ్మలకు కాల్షియం మాత్రలు రాసిస్తారు గానీ, ఎముకకు బలమిచ్చే బరువుల మాట చెప్పేవాళ్లు తక్కువ. దండీలు, బస్కీలు, తాలింఖానాలు, జాతరల్లో గుండు ఎత్తే పోటీలు మనకు కొత్త కాదు, వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పేరు తెలియని తరం ఉత్తరాంధ్రలో మొన్నమొన్నటి దాకా లేదు. అది మగపిల్లల వ్యవహారంగా, అదీ కుర్రతనంలో మాత్రమే చేసేదిగా మిగిలిపోయింది.

సూత్రం ఒక్కటే, కండకు అలవాటైనదానికన్నా కొంచెం ఎక్కువ పని పెట్టడం, అది తేలికయ్యాక ఇంకొంచెం పెంచడం. ఆరు నెలలుగా అవే రెండు కేజీల డంబెల్స్ ఊపుతుంటే కండకు కబురు అందదు. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ నేల మీంచి ఎత్తి స్టాండ్ మీద పెట్టలేని మనిషికి మొదటి లక్ష్యం అదే కావచ్చు. సగం నింపిన బకెట్‌తో మొదలుపెట్టి, నడుము వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తడం నేర్చుకుని, వారానికి రెండు రోజులు, కాళ్లు, వీపు, ఛాతీ, చేతులు అన్నిటికీ పని పడేలా చూసుకుంటే చాలు.

ఇంజెక్షన్లు వచ్చాక

ఇప్పుడు ఈ చర్చకు తొందర పెరిగింది. మన దేశంలో వారానికోసారి వేసుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లలో మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడు జూన్‌లో వచ్చాయి. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు భారత్‌లో 2026 మార్చి వరకే కావడంతో, హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ సహా దేశీ కంపెనీలు చవక జనరిక్‌లకు ముందు నుంచే సిద్ధపడ్డాయి. ఇంతకాలం ట్రైనర్లు అరిచి, డైట్ గురువులు సభలు పెట్టి గెలవలేకపోయిన ఆకలి మీదే ఈ మందు నేరుగా పనిచేస్తుంది, కాబట్టి ఫలితాలు కూడా ఆ స్థాయిలోనే ఉన్నాయి. సెమాగ్లూటైడ్ పెద్ద ప్రయోగంలో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకు 2.4 శాతం.

లోపలి లెక్క మాత్రం పాతదే. ఆ ప్రయోగంలో కొందరికి స్కాన్ చేసి చూస్తే తగ్గిన బరువులో 40 శాతం దాకా కొవ్వు కానిది. అందులో నీరు, అవయవాల బరువు కూడా కలిసి ఉంటాయి కాబట్టి అంతా కండే అనుకోకూడదు, అయినా చిన్న అంకె కాదు, అసలే కండ తక్కువున్న మన ఒళ్లకు అసలే కాదు. మందు ఆపేశాక ఏడాదిలో, తగ్గినదానిలో మూడింట రెండు వంతుల బరువు తిరిగొచ్చింది. డెన్మార్క్‌లో ఇదే కోవకు చెందిన లిరాగ్లూటైడ్‌తో చేసిన ప్రయోగంలో మందుతో పాటు వ్యాయామం చేసినవాళ్లు ఏడాది చివర కొవ్వు శాతం తగ్గించుకోవడంలో అందరికన్నా మెరుగ్గా నిలిచారు, మందు ఆపేసిన ఏడాది తర్వాత చూసినప్పుడు కూడా మందు మాత్రమే వాడినవాళ్ల కన్నా తక్కువ పెరిగారు.

ఈ మందు డాక్టర్ చీటీ మీద వాడేది, చీటీలో ప్రొటీన్ లెక్క, వ్యాయామం మాట కూడా ఉండాలని అడిగే హక్కు రోగికి ఉంది. కొవ్వునూ కండనూ విడిగా కొలిచే ఖరీదైన డెక్సా స్కాన్ అందరికీ అందదు, జిమ్‌లో చూపించే బాడీ ఫ్యాట్ మిషన్ అంకె తాగిన నీళ్లను బట్టి కూడా మారిపోతుంది. ఇంట్లోనే మూడు కొలతలు రాసుకోవచ్చు: బొడ్డు దగ్గర టేపుతో నడుము, చేతులు ఆనించకుండా 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలం, ఎంత బరువున్న బకెట్ ఎత్తి పది అడుగులు నడవగలం. మొదటి ఇంజెక్షన్‌కు ముందు ఒకసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి. నడుము తగ్గుతూ మిగతా రెండూ నిలబడినా, పెరిగినా పోతున్నది కొవ్వే. నడుముతో పాటు లేచే లెక్క కూడా పడిపోతుంటే, తూకం ఎంత బాగున్నా, మోతాదు గురించీ తిండి గురించీ డాక్టర్‌తో మళ్లీ కూర్చుని మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టు.